ఒక్క అరలో రెండు టైములు

రెండువేల తొమ్మిది వేసవిలో ఒక శనివారానికి క్రాంతికుమార్ వేసుకున్న లెక్క చాలా చిన్నది. పొద్దున్నే మామతో కలిసి షిఫ్టు బస్సెక్కాలి. పదకొండింటికి ప్లాంటు సూపరింటెండెంటు సాంబమూర్తి గారికి తను చేసిన పని చూపించాలి. ఆయన బాగుందంటే హైదరాబాదు కంపెనీలో తన ఉద్యోగం ఖాయమవుతుంది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, అత్తమ్మ వండిన నాటుకోడి కూర తిని, ఫ్యాను కింద పడుకోవాలి.

ఇందులో కష్టమైంది మొదటి పనే. ఎందుకంటే బస్సుకు ముందు అత్తమ్మ ఇన్నమ్మ చేసే కుటుంబ ప్రార్థన ఉంటుంది. ములకలపల్లి అడవి అంచున ఉన్న వెదుళ్లగట్టు కాలనీలో, ఆ క్వార్టరులో, పాలాయన వచ్చి వెళ్లగానే ప్రార్థన మొదలవుతుంది. గోడ గడియారంలో ఆరున్నర కాగానే ఆగుతుంది. నడుమ ఎంత సమయముంటే అంతా ఇన్నమ్మదే. బూర్గంపాడులో ఉన్న చెల్లెలి మోకాళ్లతో మొదలుపెట్టి, కాలనీ నల్లా మీదుగా, పాస్టరు గారి స్కూటరు దాకా అన్నిటినీ పేరుపేరునా ప్రభువుకు అప్పగిస్తుంది.

"షిఫ్టు బస్సు నడిపే దూలయ్య కండ్లు తెరిచే ఉంచు తండ్రీ. పోయిన వారం వాగు వంతెన కాడ మూసిండు. నువ్వు చూసినవ్."

పక్కన మోకాళ్ల మీదున్న ఆమె భర్త సంసోను ఒక కన్ను తెరిచి గడియారం చూసి, మళ్లీ మూసుకున్నాడు.

"ఇయ్యాల మా అల్లుడు పెద్దసారుకు ఏదో చూపిస్తడంట. అదేందో నాకు తెల్వదు, నీకు తెల్వకుంట ఉండదు. అది సక్కగ పని చెయ్యాలె. ఇగ మా ఆయన సర్వీసు సంగతి..." అని కళ్లు తెరిచి చూసింది. ఆరున్నరయింది. "ఆమెన్."

ఆయన సర్వీసు సంగతి రోజూ ఇలాగే సగంలో ఆగిపోతోంది. సంసోను ఆ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. బొగ్గు బెల్టు నడిపే ఉద్యోగంలో చేరిన నాటి నుంచి తప్పు చేశాడని ఆయన మీద ఒక్క మెమో లేదు. బెల్టు మీద పనిచేసి మెమో లేకుండా దిగిపోయినవాడు ఆ ప్లాంటులో ఇంకొకడు లేడు. వచ్చే ఆదివారం చర్చిలో పెట్టుకున్న కృతజ్ఞత కూడికలో పాస్టరు గారు ఆ మాటే అందరి ముందూ చెప్పాలని ఇన్నమ్మ ముందే మాట తీసుకుంది.

క్రాంతికుమార్ చేసిన పని ఇది. ప్లాంటులో బెల్టు దగ్గరి కబుర్లు ఒక తీగ మీద, బాయిలర్ దగ్గరివి ఇంకో తీగ మీద, ప్యాకెట్లనే చిన్న చిన్న పొట్లాలుగా ఒక కంప్యూటరుకు చేరతాయి. షిఫ్టు సైరన్ మోగితే ఆ కబురూ వస్తుంది. ఇదివరకు కంప్యూటరు తనకు తీరిక దొరికినప్పుడు ప్యాకెట్ మీద టైం వేసేది. పని ఎక్కువుంటే ఆలస్యంగా వేసేది. ఎవరు ముందు, ఎవరు వెనక అని రెండు సెక్షన్లూ రోజూ కొట్లాడుకునేవి. అందుకని ప్యాకెట్ గడప తొక్కిన క్షణానే, లోపలికి తెచ్చే నెట్‌వర్క్ కార్డే తన సొంత గడియారం చూసి టైం వేసేలా క్రాంతికుమార్ ఏర్పాటు చేశాడు. అలాంటి కొత్త కార్డు ఒక్కటే దొరికింది. దాన్ని బెల్టు తీగకు పెట్టాడు. బాయిలర్ తీగకు పాత కార్డే ఉంది కాబట్టి దాని ప్యాకెట్ల మీద ఎప్పటిలాగే కంప్యూటరే టైం వేస్తుంది.

ఇక ఆ టైంను దాచడం. కంప్యూటరు లోలోపల పని నడిపించే కెర్నెల్ ప్రతి ప్యాకెట్‌కూ ఒక పెట్టె కడుతుంది. ఆ పెట్టెలో టైం పెట్టుకోవడానికి ఒక్కటే అర ఉంది. రెండో అర కావాలని క్రాంతికుమార్ హైదరాబాదు ఆఫీసును అడిగాడు. ప్రతి పెట్టె ఎనిమిది బైట్లు లావవుతుందని, లక్షల పెట్టెలకు అది దుబారా అని వాళ్లు ఒప్పుకోలేదు. చేసేదిలేక రెండు రకాల టైములనూ ఆ ఒక్క అరలోనే పెట్టి, కార్డు వేసిన టైమైతే పక్కన చిన్న గుర్తు పెట్టాడు. అరలోంచి టైం తీసి చూపించే ప్రోగ్రాముకు ఆ గుర్తు చూడటం ఇంకా నేర్పలేదు. వచ్చే వారం నేర్పుదామనుకున్నాడు. రెండు గడియారాలూ ఒకే టైం చూపిస్తున్నప్పుడు గుర్తుతో తొందరేముంది?

బస్సులో సంసోను కిటికీ పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లోంచి ఎవరో కేక వేశారు.

"ఏంది సంసోనన్నా, ఇయ్యాల నీ అల్లుడు జీపు దొంగను పట్టిస్తడంట!"

దొంగతనమేమీ జరగలేదు. జరిగింది ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం. బొగ్గు బెల్టు మీద వెళ్లి బాయిలర్ పక్కనున్న బంకర్‌లో పడుతుంది. బంకర్ నిండగానే బాయిలర్ డెస్కు వాళ్లు బటన్ నొక్కితే సంసోను ముందు ఎర్రదీపం వెలుగుతుంది. అప్పుడాయన బెల్టు ఆపాలి. శుక్రవారం బంకర్ నిండి, పొర్లి, బొగ్గంతా కింద నీడకు పెట్టిన సాంబమూర్తి గారి కొత్త తెల్ల జీపు మీద పడింది. జీపు అద్దాల దాకా మునిగింది. మేం టైముకే నొక్కాం, బెల్టు వాళ్లే నిద్రపోయారని బాయిలర్ వాళ్లన్నారు. దీపం వెలిగింది, బెల్టు ఆపానని సంసోను అన్నాడు. రేపు మిషన్ చూపిస్తారుగా, అదే తేలుస్తుందని సాంబమూర్తి గారు అన్నారు.

కాదనడానికి సంసోనుకు నోరు లేకుండా పోయింది. ఎందుకంటే ఆ వారమే క్యాంటీన్‌లో టీ తాగుతూ, "మా అల్లుడి మిషన్ ముంగట ఎవ్వని అబద్ధం నడవదు" అని నాలుగు బల్లలకు వినపడేలా చెప్పి ఉన్నాడు.

"అల్లుడా," అన్నాడు ఇప్పుడు మెల్లగా, "నీ మిషన్ ఎంత సన్నగ చూస్తది? నిమిషం లెక్కనా?"

"సెకండును పదిలక్షల ముక్కలు చేసి చూస్తది మామా," అన్నాడు క్రాంతికుమార్ హుషారుగా.

సంసోను కిటికీలోంచి టేకుచెట్లను చూశాడు. "గంత సన్నగ ఎందుకు బిడ్డా?" అన్నాడు. "మనుషులు బతకద్దా?"

పదకొండింటికి కంప్యూటరు గదిలో సాంబమూర్తి గారు కుర్చీలో కూర్చున్నారు. ఒక పక్కన బాయిలర్ డెస్కు మీద పనిచేసే చందర్, ఇంకో పక్కన సంసోను నిలబడ్డారు. తలుపు దగ్గర ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు. క్రాంతికుమార్ మీటలు నొక్కాడు. తెర మీద రెండు వరుసలు వచ్చాయి. బంకర్ నిండిందన్న కబురు ఒకటి. బెల్టు ఆగిందన్న కబురు ఇంకొకటి. రెండింటికీ నడుమ పన్నెండు నిమిషాలు.

సాంబమూర్తి గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"పన్నెండు నిమిషాలు," అన్నారు సాంబమూర్తి గారు. "సంసోనూ, పన్నెండు నిమిషాల్లో నేను స్నానం చేసి, బట్టలు కట్టుకుని, రెండిడ్లీలు తింటాను. నువ్వు దీపం చూస్తూ ఏం చేశావు?"

సంసోను నోరు తెరిచాడు. తెర వంక చూశాడు. అల్లుడి వంక చూశాడు. నోరు మూసుకున్నాడు.

"మాట్లాడవేం? సరే. సాయంత్రానికి మెమో వస్తుంది. అక్కడ మాట్లాడు." ఆయన లేచి క్రాంతికుమార్ భుజం తట్టారు. "నీ మిషన్ మాత్రం అద్భుతమయ్యా. మామ అని కూడా చూడలేదు!"

క్రాంతికుమార్ ఆ మెచ్చుకోలు కోసం ఆర్నెల్లుగా ఎదురుచూస్తున్నాడు. తీరా అది వచ్చింది. తను బాగా పనిచేశాడంటే మామకు మెమో. తన పని తప్పంటే తన ఉద్యోగానికి స్వస్తి. ఈ రెండింటిలో దేనికి సంతోషించాలో తెలియక, "థాంక్యూ సార్" అన్నాడు. ఆ రెండు మాటలూ మామ చెవిన పడ్డాయి.

"ఇది సాక్ష్యం," అన్నారు సాంబమూర్తి గారు సెక్యూరిటీ వాళ్లతో. "దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. సీలు వేయండి."

వరండాలోకి రాగానే సంసోను అల్లుడి చెయ్యి పట్టుకుని నీళ్ల డ్రమ్ము వెనక్కు లాక్కుపోయాడు.

"మామా, ఎందుకట్ల చేసినవ్? నిద్రొచ్చిందా?"

"నిద్రనా? అరేయ్, నేను లేటు చెయ్యలే. ముందుగాల్నే నొక్కిన!"

"ముందుగాల్నా?"

"దీపం వెలగకముందే. బొగ్గు పొర్లుతుంటే నా కండ్లతోని చూసిన. బాయిలర్ డెస్కుకు ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్ల చేస్తే మళ్ల ఎంగేజ్. పెద్దసారు జీపు మునుగుతుంటే సినిమా చూసినట్టు చూసుకుంట కూసోవాల్నా? ఆపిన. నేను ఆపినంక తీరిగ్గ వెలిగింది ఆ దీపం."

"మరి లోపల ఎందుకు చెప్పలే?"

"దీపం లేకుంట, పర్మిషన్ లేకుంట బెల్టు ఆపితే దానికీ మెమోనే!" సంసోను గొంతు తగ్గించాడు. "చెప్తే ఆ మెమో. చెప్పకుంటే ఈ మెమో. నీ మిషన్ నేను ముందు నొక్కింది పట్టిస్తదేమోనని రాత్రంత పరేషానైన. అదేమో లేటు అంటది. అసలు నువ్వు దానికేం నేర్పినవ్ బిడ్డా?"

క్రాంతికుమార్ లెక్క వేసుకున్నాడు. మామ అబద్ధం ఆడటం లేదంటే కార్డు గడియారం ముందుకు పోతోందని అర్థం. పన్నెండు నిమిషాల కంటే ఎక్కువే ముందుకు. దానికి టైం పెట్టిందెవరు? తనే. ఎప్పుడు? గురువారం పొద్దున ప్లాంటులో కరెంటు పోయొచ్చింది. కార్డు తన టైం మర్చిపోయింది. ఇంటి నుంచే ఫోను తీగ ద్వారా కంప్యూటరును పట్టుకుని చూస్తే, టైం ఎంత అని అడిగింది. కంప్యూటరునే అడిగి పెట్టొచ్చు, ఒక్క మీట పని. కానీ అప్పుడే అత్తమ్మ బస్సు పోతుందని కేకేసింది. తను తల పైకెత్తాడు. ఎదురుగా ఏం కనపడిందో అదే కొట్టాడు.

ఎదురుగా కనపడింది ఆ ఇంటి గోడ గడియారం.

ఒంటి మీద చొక్కా తడిసిపోయింది. అయినా దారి ఉంది. కార్డు గడియారం లోపల ఇంకా నడుస్తూనే ఉంటుంది. కంప్యూటరు టైముతో పోల్చి చూస్తే ఎంత తేడానో ఇప్పుడే తేలుతుంది. వెనక్కి పరిగెత్తాడు. సెక్యూరిటీ వాళ్లు కంప్యూటరు ప్లగ్గు పీకి, గోనెసంచిలో పెట్టి, మూతి కుట్టి, లక్క పోస్తున్నారు.

"ప్లగ్గు ఎందుకు పీకిండ్రు?"

"సీలంటే గట్లనే సార్. నడిచేదాన్ని సంచిల పెడ్తరా?"

కరెంటు లేకపోతే కార్డు గడియారం చచ్చిపోతుంది. చచ్చిపోయింది కూడా. ఇక ఆ తేడాను చెప్పగల సాక్షి ఒక్కటే మిగిలింది. అది వెదుళ్లగట్టు కాలనీలో మేకుకు వేలాడుతోంది. క్రాంతికుమార్ సెల్లు తీసి భార్య గ్రేస్‌కు ఫోన్ చేశాడు. ఆమె కాలనీ దవాఖానాలో నర్సు. ఆ రోజు రాత్రి డ్యూటీ కాబట్టి ఇంట్లోనే ఉంది.

"గ్రేసూ, మన గోడ గడియారం ఎంత ముందుకున్నది? నీ సెల్ చూసి జల్దీ చెప్పు."

"అయ్యో! గడియారం తప్పుండబట్టి నీకు లేటైందా? సారు తిట్టిండా?"

"అది కాదు, ముందు..."

"నేను ఎన్నిసార్లు చెప్పిన అమ్మకు, గడియారాన్ని సక్కగ ఉంచమని! ఉండు, ఇప్పుడే సరిచేస్త." ఫోన్ పెట్టేసింది.

"చెయ్యకు!" అని క్రాంతికుమార్ చచ్చిన ఫోన్‌లోకి అరిచాడు. మళ్లీ చేస్తే బిజీ. మళ్లీ బిజీ. చివరికి దొరికింది.

"సరిచేసిన," అంది గ్రేస్ తృప్తిగా. "టీవీ వార్తల టైం చూసి పెట్టిన. సెకండు కూడ తేడా లేదు."

"అంతకుముందు ఎంత తేడా ఉండె?"

"చూడలే. ముల్లు తిప్పేసిన. ఎందుకు, తప్పా?"

ఫోన్ బిజీగా ఉండటానికి కారణం రోజారాణి. ఆమె చందర్ భార్య. వీళ్ల పక్క క్వార్టరే. సంసోనుకు మెమో వస్తోందని చందర్ ఆమెకు చెప్పాడు. ఆమె ఉండబట్టలేక గ్రేస్ సెల్లుకు చేసి ఇన్నమ్మను పిలవమంది. ఇన్నమ్మ కోడికి మసాలా నూరుతూ ఫోన్ దగ్గరికి రాలేదు. దాంతో వీధి నల్లా దగ్గర నీళ్లు పడుతున్న మంగ్లికి చెప్పింది. మంగ్లి ఇంకొకరికి చెప్పేటప్పటికి మెమో కాస్తా సస్పెన్షనయింది. వీధి చివరికి చేరేటప్పటికి జీపు మీద పడిన బొగ్గు సంసోను మీద పడింది. ఆ వీధి చివర ఉండేది చర్చి స్త్రీల సమాజం కార్యదర్శి. ఆమె నేరుగా ఇన్నమ్మ వంటింట్లోకి వచ్చి, "ధైర్యం తెచ్చుకో ఇన్నమ్మా" అంది.

ఒంటిగంట దాటాక ప్లాంటు గేటు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ఎనిమిది మంది ఆడవాళ్లు, వాళ్లతోపాటు నాలుగు పాటల పుస్తకాలు దిగాయి. లోపలికి పంపనంటే ఇన్నమ్మ గేటు ముందే ఎండలో మోకాళ్లూనింది. మిగతా వాళ్లూ మోకాళ్లూనారు. సంసోనును బొగ్గు కిందినుంచి బతికించమని గట్టిగా ప్రార్థన మొదలైంది. గేటు మనిషి భయపడి పైకి ఫోన్ చేశాడు. సంసోను మెమో మీద గేటు దగ్గర ఆడవాళ్లు ధర్నాకు దిగారన్నాడు.

సాంబమూర్తి గారు ఎర్రబడ్డ ముఖంతో వచ్చారు. ఆయన వెనక చందర్, ఆ వెనక సంసోను, క్రాంతికుమార్. మొగుడు కాళ్ల మీద నడిచి రావడం చూసి ఇన్నమ్మ ప్రార్థన ఆపింది. లేచి వచ్చి ఆయన తల, చేతులు, వీపు తడిమి, ఎక్కడా విరగలేదని రూఢి చేసుకుని, భుజం మీద ఒక్కటి చరిచింది.

"బతికే ఉన్నవా! ఒక్క ఫోన్ చెయ్యద్దా? మసాలా రోట్లనే వదిలిపెట్టి వచ్చిన!"

"నేనెప్పుడు సచ్చిన్నే?"

"ఏమిటిదంతా?" అన్నారు సాంబమూర్తి గారు. "మెమో ఆపమని ధర్నాలా?"

"మెమోనా?" ఇన్నమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. బొగ్గు కంటే ఆ మాటే ఆమెకు బరువుగా తగిలింది. "ఈయనకా? ఇంకో వారంల కూడిక పెట్టుకుంటే?"

ఆమె ముఖం చూసి క్రాంతికుమార్ ఉద్యోగం మీద ఆశ వదులుకున్నాడు. "సార్, తప్పు నాది," అన్నాడు. "బెల్టు ప్యాకెట్ల మీద కార్డు టైం ఉన్నది. బాయిలర్ ప్యాకెట్ల మీద కంప్యూటర్ టైం ఉన్నది. రెండూ ఒక్క అరలనే పెట్టిన. రెండూ ఒకటే అనుకుని పోల్చి చూపించిన. కార్డు గడియారం ముందుకున్నది సార్."

"ఎందుకు ముందుకుంది?"

"మా ఇంటి గోడ గడియారం చూసి పెట్టిన."

"ఇంత పెద్ద ప్లాంటు," అన్నారు సాంబమూర్తి గారు, "మీ ఇంటి గోడ గడియారం మీద నడుస్తోందా?"

"అత్తమ్మా, ఆ గడియారాన్ని ఎంత ముందుకు పెట్టినవ్?"

"ఐదు నిమిషాలే," అంది ఇన్నమ్మ. "షిఫ్టు బస్సు కోసం. ఐదు నిమిషాలు పెట్టుకుంటె కూడ నేరమేనా సారూ?"

క్రాంతికుమార్ గ్రేస్‌కు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు. గడియారం సంగతి అడిగితే గ్రేస్ నసిగింది. "నేను ఇంకో ఐదు పెట్టిన," అంది. "అమ్మ ఐదు పెట్టిందని మీరందరూ మనసులనే తీసేసుకుంటుండ్రి కదా. ఇగ అది పెట్టి ఏం లాభం?"

"అమ్మ దొంగదానా!" అంది ఇన్నమ్మ ఫోన్‌తో.

సాంబమూర్తి గారు వేళ్ల మీద లెక్క వేశారు. "ఐదూ ఐదూ పది. పన్నెండులో పది పోతే రెండు. అప్పుడూ రెండు నిమిషాలు ఆలస్యమే. నా జీపు మునగడానికి రెండు నిమిషాలు చాలు. మెమో మెమోయే." ఆయన క్రాంతికుమార్ వైపు తిరిగారు. "నీ సంగతి మీ కంపెనీతో మాట్లాడతాను."

క్రాంతికుమార్ మామను చూశాడు. మామ ముందే నొక్కానన్నాడు. అది నిజమైతే పది చాలదు. ఇంకా కొన్ని నిమిషాలు ఎక్కడో ఉండాలి.

"మామా, ఇంకెవరన్న ముట్టుకున్నరా ఆ గడియారాన్ని? యాది చేసుకో. నీ సర్వీసు మామా!"

సంసోను ముఖం చెమటతో మెరిసింది. అల్లుడిని చూశాడు. భార్యను చూశాడు. పాటల పుస్తకాలు పట్టుకున్న ఏడుగురు స్త్రీల సమాజాన్ని చూశాడు. పెదవులు కదిలాయి.

"నాకేం ఎరుక?" అన్నాడు.

అప్పుడే రెండో షిఫ్టు సైరన్ మోగింది. గేటు పక్కనే కావడంతో ఆడవాళ్లంతా చెవులు మూసుకున్నారు. క్రాంతికుమార్ మాత్రం గేటు మనిషి చేతి కిందున్న సైరన్ బటన్‌నే చూస్తూ నిలబడిపోయాడు.

"సార్!" అన్నాడు మోత ఆగకముందే. "సైరన్ సార్! ఇక్కడ నొక్కితే ఆ కబురు రెండు తీగల మీద ఒక్కసారే పోతది. నిన్న కూడ పోయింది. బెల్టు తీగ మీద పోయినదానికి మా గడియారం టైం పడ్డది. బాయిలర్ తీగ మీద పోయినదానికి అసలు టైం పడ్డది. ఒకటే సైరన్, రెండు టైములు! రెండూ డిస్కుల రాసే ఉన్నయి. ప్లగ్గు పీకినా పోవు. వాటి తేడానే మా గడియారం తేడా!"

సాంబమూర్తి గారు ఆలోచించారు. "సీలు విప్పిస్తాను," అన్నారు. "ఇది కూడా తప్పయితే నువ్వూ, నీ మిషనూ, మీ మామా ముగ్గురూ ఒకే బస్సులో ఇంటికి పోవచ్చు."

లక్క పగిలింది. గోనెసంచి కుట్లు తెగాయి. కంప్యూటరు లేచేదాకా గదిలో ఎవరూ కూర్చోలేదు. సంసోను గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఈసారి ఒక కన్ను కూడా తెరవలేదు. క్రాంతికుమార్ నిన్నటి సైరన్ ప్యాకెట్లు వెతికి పట్టుకున్నాడు. ఒకదాని పక్కన తను పెట్టిన చిన్న గుర్తు ఉంది. ఇంకోదాని పక్కన లేదు. రెండింటికీ నడుమ తేడా పదమూడు నిమిషాలు.

"పన్నెండులో పదమూడు..." అని మొదలుపెట్టిన సాంబమూర్తి గారు వేళ్ల మీద ఆ లెక్క చేయలేక ఆగిపోయారు.

"బెల్టు ఒక నిమిషం ముందే ఆగింది సార్," అన్నాడు క్రాంతికుమార్. "దీపం వెలగకముందే."

సంసోను కళ్లు తెరిచాడు. ఇక దాచి లాభం లేదనుకుని అంతా చెప్పేశాడు. పొర్లే బొగ్గును చూడటం, రెండుసార్లు ఫోన్ చేయడం, రెండుసార్లూ ఎంగేజ్ రావడం, పర్మిషన్ లేకుండా ఆపడం, అంతా. "మెమో ఇస్తే ఇయ్యండి సార్. గానీ నిద్రపోయిన అని రాయకుండ్రి," అన్నాడు.

సాంబమూర్తి గారు ఆయన్ను విననే లేదు. చందర్ వైపు తిరిగారు. "అంటే బంకర్ నిండి, పొర్లి, నా జీపు మునిగాక నువ్వు బటన్ నొక్కావన్నమాట! డెస్కు మీద కూర్చుని ఏం చేస్తున్నావు? ఆ ఫోన్ ఎందుకు ఎంగేజయింది?"

చందర్ నేల చూశాడు.

"చెప్పు! లేకపోతే మెమో నీకు!"

"మీరే సార్," అన్నాడు చందర్. "నేను బటన్ మీద వేలు పెట్టిన. మీరు డెస్కు ఫోన్‌ల మాట్లాడుకుంట, ఆగు ఆగు అని చెయ్యి చూపించిండ్రు. నాకా, ఫోన్‌లున్న వాళ్లకా తెలువక ఆగిన."

"నేనా? ఎవరితో?"

"మీ బావగారితోని సార్. కొత్త జీపు ఎంత తెల్లగున్నదో చెప్తుండ్రి."

సాంబమూర్తి గారు జేబురుమాలు తీసి కళ్లద్దాలు తుడిచారు. పెట్టుకున్నారు. మళ్లీ తీసి తుడిచారు.

"అసలు ఈ మిషన్," అన్నారు చివరికి, "ఇంకా పరీక్షలో ఉన్నట్టు. నిన్నటి లెక్కలేవీ చెల్లవు. మెమోలు ఎవరికీ లేవు. క్రాంతికుమార్, దీన్ని సరిగా చేయడానికి నీకెంత కాలం కావాలి?"

"ఒక ఏడాది సార్," అన్నాడు క్రాంతికుమార్. ఒక వారం పనికి అంత మాట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. "ఇంకో అర పెట్టనియ్యాలె. కార్డు టైముకు ఒకటి, కంప్యూటరు టైముకు ఒకటి. ఎనిమిది బైట్లు ఎక్కువైతదని హైదరాబాదులో ఒప్పుకుంటలేరు."

సాంబమూర్తి గారు అక్కడే ఫోన్ అందుకుని హైదరాబాదుకు చేశారు. "ఎనిమిది కాకపోతే ఎనభై పెట్టించండి," అన్నారు. "ఒకరి టైం ఇంకొకరి అరలో ఉండకూడదు. ఎన్ని సంసారాలు కూలతాయో మీకు తెలియదు."

నాటుకోడి కూర ఆ రోజు మధ్యాహ్నం కాలేదు, సాయంత్రం అయింది. అందరూ ఆకలి మీద ఉన్నారు కాబట్టి మొదటి వడ్డన మాటల్లేకుండా సాగింది. మెమో లేని సర్వీసు అలాగే నిలిచింది. ఉద్యోగానికి ఏడాది భరోసా వచ్చింది. క్రాంతికుమార్‌కు రెండో లెగ్ పీసు కూడా వచ్చింది. గోడ మీద గడియారం ఆ ఇంట్లో మొదటిసారి సరైన టైం చూపిస్తోంది.

"అమ్మా," అంది గ్రేస్ అన్నం కలుపుతూ, "నువ్వు ఐదు, నేను ఐదు. పది. మరి మిషన్ల పదమూడు వచ్చిందంట కదా. ఆ మూడు ఎవరియి?"

ఇన్నమ్మ గరిటె పట్టుకునే ఆగింది. క్రాంతికుమార్ నమలడం ఆపాడు. సంసోను తన పళ్లెంలోని ఎముకను, అందులో ఇంకా ఏదో ఉన్నట్టు, శ్రద్ధగా చూస్తున్నాడు.

"పాలాయన వచ్చిపోయినంక మొదలుపెడ్త," అంది ఇన్నమ్మ నెమ్మదిగా, తనలో తనే లెక్క చూసుకుంటున్నట్టు. "గడియారంల ఆరున్నరకు ఆపుత. ఈ మధ్యల ఎప్పుడు చూసినా ఈయన సర్వీసు కాడికి వచ్చేసరికే ఆరున్నరైతుంది. నా నోరే నిదానమైందేమో అనుకుంటి."

"ఇన్నమ్మా," అన్నాడు సంసోను, "మోకాళ్ల నొప్పే. బెల్టు కాడ నిలబడి నిలబడి..."

"మెమో తీసుకుంటానికి తయారైనవ్ గానీ, గేటు కాడ నోరు తెరవకపోతివి!"

"స్త్రీల సమాజం మొత్తం ఉండెనే!"

ఇన్నమ్మ ఆయన పళ్లెంలో ఇంకో గరిటె కూర వేసి, గడియారం వైపు ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున కుటుంబ ప్రార్థనలో బూర్గంపాడు మోకాళ్ల తర్వాత నెట్‌వర్క్ కార్డు పేరు కూడా చేరింది. దానికి ఇన్నమ్మ సరిగ్గా మూడు నిమిషాలు కేటాయించింది.